అత్తమామలతో ఆర్వీలో యెల్లోస్టోన్: తీసుకోవాలా, హోటళ్లే నయమా?

డల్లాస్_కోడలు
జూన్ చివర్లో ఓ వారం యెల్లోస్టోన్ నేషనల్ పార్క్‌కి వెళ్దామనుకుంటున్నాం. సాల్ట్ లేక్ సిటీ దాకా ఫ్లైట్, అక్కడ ఆర్వీ (మంచాలు, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకుని పైకి వెళ్లాలని మావారి పట్టుదల. నేను ఇంకా ఊఁ అనలేదు.

మనుషులం ఆరుగురం. మేమిద్దరం, 8 ఏళ్ల బాబు, 3 ఏళ్ల పాప, విజయనగరం నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. మామయ్యకి షుగర్, గంటన్నరకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ బయట తిండి ముట్టరు, రెండు పూటలా అన్నం ఉండాలి. "బాత్రూమూ వంటిల్లూ వెంట వస్తాయి, ఇంకేం కావాలి" అని మావారు. మినీవ్యాన్ కంటే పెద్దది ఎప్పుడూ నడపని మనిషి 30 అడుగుల బండి కొండల్లో ఎలా నడుపుతారని నా భయం. పైగా సెలవంతా నేను ఇరుకు వంటింట్లోనే ఉండిపోతానేమో.

పెద్దవాళ్లతో వెళ్లొచ్చిన వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పోర్ట్‌లాండ్_పాపారావు
హోటల్. ఆలోచించక్కర్లేదు. పొద్దున్నే లేచి మురుగు గొట్టం పట్టుకోవడం సెలవెలా అవుతుందండీ.

సాల్ట్‌లేక్_సత్యం
పాపారావు గారితో నేను ఏకీభవించను. మా అమ్మానాన్నలతో మేం వెళ్లాం, మళ్లీ వెళ్లమన్నా ఆర్వీలోనే వెళ్తాం. కాకపోతే ఆర్వీని ఎలా వాడతామన్నదాని మీదే అంతా ఉంది.

రోజుకో ఊరు పెట్టుకుంటే నరకం. రోజూ పొద్దున పైపులు, కరెంటు వైరు ఊడదీయడం, సామాన్లన్నీ లోపల కట్టడం, సాయంత్రం మళ్లీ బిగించడం. ఒకేచోట నాలుగైదు రాత్రులు దిగితే మాత్రం అది ఇల్లయిపోతుంది. పార్కు లోపల కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటే, ఫిషింగ్ బ్రిడ్జ్. సరస్సులోంచి యెల్లోస్టోన్ నది బయటికొచ్చే చోటు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కాబట్టి అక్కడ టెంట్లు వేయనివ్వరు, గట్టి గోడలున్న బండ్లకే చోటు. అక్కడ దొరికితే ఆర్వీ తీసుకోండి. దొరక్కపోతే మళ్లీ ఆలోచించండి.

సాల్ట్ లేక్ నుంచి వెస్ట్ యెల్లోస్టోన్ 320 మైళ్ల పైమాటే, అక్కడ నుంచి ఫిషింగ్ బ్రిడ్జ్‌కి ఇంకో 55. కార్లో అయితే ఒక్క రోజు పని. ఆర్వీలో మొదటి రోజే అంత వద్దు, దారిలో ఐడహో ఫాల్స్ అనే ఊళ్లో రాత్రి ఆగండి.

డల్లాస్_కోడలు
@సాల్ట్‌లేక్_సత్యం ఫిషింగ్ బ్రిడ్జ్ కోసం ప్రభుత్వ బుకింగ్ సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో వెతికాను, కనిపించడం లేదే?

సాల్ట్‌లేక్_సత్యం
అక్కడ ఉండదు. పార్కులో లాడ్జీలు నడిపే కంపెనీ సైట్‌లోనే బుక్ చేయాలి, యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ లాడ్జెస్ అని కొట్టండి. ఈపాటికి నిండి ఉంటుంది, కానీ జనం రద్దు చేసుకుంటూనే ఉంటారు. పొద్దునా రాత్రీ చూస్తూ ఉండండి. రాత్రులన్నీ వరసగా దొరక్కపోయినా ముక్కలుగా పట్టుకోవచ్చు.

నల్లగొండ_పోరడు
అక్కా, నడపడం గురించి నేను చెప్త. భయపడకుండ్రి కానీ తేలిగ్గ గూడ తీస్కోకుండ్రి.

ముందు సంగతి, అద్దెకిచ్చే క్లాస్ సీ బండ్లకు (డ్రైవర్ నెత్తి మీద అటక ఉండే ఆర్వీలు) మామూలు లైసెన్స్ చాలు. అందరు ముంగట చూస్కుంట నడుపుతరు, దెబ్బ మాత్రం ఎనక తగుల్తది. ఎనక టైరు దాటినంక ఇంకో ఏడెనిమిది అడుగుల తోక ఉంటది. మీరు కుడికి తిప్తే ఆ తోక ఎడమకు పోతది. పెట్రోల్ పంపు కాడ పసుపు రంగు ఇనుప స్తంభాలుంటయి చూడుండ్రి, సగం మంది గీతలు పడేది ఆడనే. పంపు నుంచి ముందుకు నేరుగ పోయి, తోక దాటినంకనే తిప్పాలె.

ఎత్తు 12 అడుగుల దాక ఉంటది. బర్గర్ల డ్రైవ్ త్రూలకు, పార్కింగ్ గ్యారేజ్‌లకు పోవద్దు. ఎత్తెంతో కాగితం మీద రాసి స్టీరింగ్ కాడ అతికియ్యుండ్రి. ఐడహోల పక్క గాలి బాగ కొడతది, 60 మైళ్ల స్పీడ్ దాటకుండ్రి. దిగుడు వస్తే బ్రేక్ మీద కాలు పెట్టుకొని కూసోవద్దు, గేర్ తగ్గించాలె.

వాపస్ వచ్చేటప్పుడు పక్క పార్కు గ్రాండ్ టీటన్ మీదికెళ్లి జాక్సన్ ఊరికొస్తరు గద. ఫోన్ మ్యాప్ టీటన్ పాస్ చూపిస్తే పోకుండ్రి, ఆడ 10 శాతం వాలు. ఆల్పైన్ దిక్కు స్నేక్ నది ఎంబడి రండి, మంచిగుంటది.

పోర్ట్‌లాండ్_పాపారావు
ఇదంతా చదివాక కూడా ఆర్వీ కావాలంటారా? 😀

నల్లగొండ_పోరడు
@పోర్ట్‌లాండ్_పాపారావు అన్నా, బండి తీస్కున్న దినం ఖాళీ పార్కింగ్ లాట్‌ల గంటసేపు తిప్పితే చెయ్యి కుదుర్తది. ఊర్ల ట్రాక్టర్ ట్రాలీ రివర్స్ చేసినోళ్లకైతే అది గూడ అక్కర్లేదు.

హ్యూస్టన్_సిస్టర్
ఎవరూ అడగని సంగతి ఒకటి. 3 ఏళ్ల పాప కార్ సీట్ ఎక్కడ పెడతారు? సోఫా పక్కకి తిరిగి ఉంటుంది, దాని మీద కార్ సీట్ పెట్టకూడదు. డైనింగ్ టేబుల్ దగ్గర రోడ్డు వైపు చూసే సీటుకి బెల్ట్ ఉంటుంది, అక్కడే బిగించాలి. ఆ సీటు ఉందా, బెల్ట్ కార్ సీట్‌కి సరిపోతుందా అని అద్దెకిచ్చేవాళ్లని బుకింగ్‌కి ముందే అడగండి. ఆరుగురికీ బెల్టులు ఉన్నాయో లెక్కపెట్టమనండి. ఎనిమిది మంది పడుకోవచ్చని రాసినంత మాత్రాన ఎనిమిది బెల్టులు ఉండవు.

ఇంకోటి. "బాత్రూమ్ వెంట వస్తుంది" అని మీ వారు అంటున్నారు గదా, బండి కదులుతుండగా మామయ్య గారు లేచి వెళ్లడానికి వీల్లేదు. ఎంత నెమ్మదిగా వెళ్తున్నా సరే. నేను ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తాను, ఒక్క సడన్ బ్రేక్ చాలు, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మనిషి మంచాన పడిపోతారు. పక్కకి ఆపాలి, ఆగాకే లేవాలి. ఇది పెద్దాయనకి బయల్దేరే ముందే చెప్పండి.

డల్లాస్_కోడలు
@హ్యూస్టన్_సిస్టర్ ఇది మాకు తట్టనే లేదు. మావారికి చూపించాను, ఆయన కూడా నడుస్తుండగానే వెళ్లొచ్చనుకున్నారట. థాంక్స్ అక్కా.

సాల్ట్‌లేక్_సత్యం
సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా ఆపుకున్నాక ఆ బాత్రూమ్ విలువ ఏంటో మాకు హేడెన్ వ్యాలీలో తెలిసింది. కాన్యన్ నుంచి ఫిషింగ్ బ్రిడ్జ్ వస్తుంటే అడవిదున్నల మంద రోడ్డెక్కింది. అటూ ఇటూ కార్లు ఆగిపోయాయి. ముందు కార్లోంచి ఓ పెద్దావిడ దిగి, మైదానం వైపు చూసి, ఎటూ పోలేక మళ్లీ ఎక్కి కూర్చుంది. అటు చూస్తే దున్నలు, ఇటు చూస్తే జనం. మా నాన్న మాత్రం ఇంజిన్ ఆపించి, తీరిగ్గా వెళ్లొచ్చి, మజ్జిగ తాగుతూ కిటికీలోంచి దున్నపిల్లల్ని చూస్తూ కూర్చున్నారు. దాటడానికి చాలాసేపే పట్టింది. ఎవరికీ విసుగు రాలేదు.

దున్నలకి 25 గజాలు, ఎలుగులకీ తోడేళ్లకీ 100 గజాల దూరం ఉండాలని పార్కు నియమం. పిల్లలు కిటికీలోంచే చూడాలి.

పులుసు_పిన్ని
వంట సంగతి నాకు వదిలేయండి.

స్టవ్ ప్రొపేన్ గ్యాస్ మీద నడుస్తుంది, కుక్కర్ బ్రహ్మాండంగా పడుతుంది. కానీ పోపు పెట్టారో, నెత్తిన అలారం మోగుతుంది. స్టవ్ పైన ఫ్యాన్ వేసి, పైకప్పు కిటికీ తెరిచి, అప్పుడే నూనె పెట్టండి. అలారం బ్యాటరీ మాత్రం పీకొద్దు, రాత్రి అది ఉండాలి. నేనైతే ఇంటి దగ్గరే పోపంతా వేయించి సీసాలో పోసుకెళ్తా. పులిహోర పులుసు, కంది పొడి, గోంగూర, చింతకాయ పచ్చడి ఉంటే సగం వంట అయిపోయినట్టే.

కరెంట్ 30 ఆంపుల బండి అయితే ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ ఒకేసారి వేయకండి, బ్రేకర్ పడిపోతుంది. అన్నానికి ఏసీ ఆపండి. ఇండియా మిక్సీ పనిచేయదు, 110 వోల్టులది పట్టుకెళ్లండి, లేదా పచ్చళ్లు ఇక్కడే చేసేసుకోండి.

సరస్సు దగ్గర ఎత్తు 7,700 అడుగులు దాటుతుంది. నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి విడిగిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కర్ లేకుండా కదలొద్దు.

గంజి, బియ్యం కడిగిన నీళ్లు, కూర తొక్కలు బయట పారబోయకండి. మన ఊళ్లో చెట్టుకి పోసే అలవాటు అత్తయ్యగారికి ఉంటుంది, ముందే చెప్పాలి. ఎలుగుబంటికి వాసన తగిలితే వదలదు, రేంజర్లు జరిమానా వేస్తారు. నీళ్లన్నీ సింక్‌లోకి, తొక్కలూ చెత్తా ఎలుగు తెరవలేని డబ్బాల్లోకి.

డల్లాస్_కోడలు
పిన్నీ మీరు మా ఇంటికొచ్చి చూసినట్టే చెప్పారు, అత్తయ్య డల్లాస్‌లో కూడా బియ్యం నీళ్లు కరివేపాకు కుండీకే పోస్తారు.

ఒక ప్రశ్న అడగాలంటే మొహమాటంగా ఉంది. మామయ్య, అత్తయ్య టాయిలెట్‌లో నీళ్లే వాడతారు, మగ్గుతో. ఆర్వీ టాయిలెట్‌కి అది పడుతుందా?

బే_ఏరియా_భాస్కర్
మొహమాటం దేనికి, ఇది అందరికీ పనికొచ్చే ప్రశ్న. నీళ్లు వాడటమే మంచిది. బ్లాక్ ట్యాంక్‌లో (టాయిలెట్ మురుగు చేరేది) గడ్డకట్టేది కాగితం వల్ల, నీళ్లు తక్కువ కావడం వల్ల. మగ్గు నీళ్లు పోతే లోపల పల్చగా ఉండి, ఖాళీ చేసేటప్పుడు సాఫీగా పోతుంది. ట్యాంక్ త్వరగా నిండుతుంది, అంతే తేడా. మురుగు కనెక్షన్ ఉన్న చోట దిగితే ఆ బాధ కూడా లేదు.

అయితే కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ ట్యాంక్ వాల్వ్ తెరిచి ఉంచొద్దు. నీరంతా జారిపోయి ముద్ద లోపల ఉండిపోతుంది. మూసి ఉంచి, సగం పైన నిండాక ఒకేసారి వదలాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే. సింకూ షవరూ నీళ్లు వెనకాల వస్తే గొట్టం కడుక్కుపోతుంది. చేతులకి గ్లవుజులు. పాపారావు గారు భయపెట్టినంత ఏం లేదు, ఐదు నిమిషాల పని.

ఫ్లష్ కాలితో నొక్కే పెడల్ ఉంటుంది. అత్తయ్య గారి మోకాలికి కష్టమైతే చేత్తో నొక్కినా పడుతుంది.

పోర్ట్‌లాండ్_పాపారావు
సరే, గొట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ నిద్ర గురించి ఎవరూ మాట్లాడరే? ఆరుగురు ఒకే గదిలో ఉన్నట్టు. వెనక మంచం పెద్దవాళ్లకిస్తారు. డ్రైవర్ నెత్తి మీద అటక మీద పిల్లాడు. డైనింగ్ టేబుల్ దించి చేసిన పరుపు మీద కోడలూ పాపా. కొడుకు సోఫా మీద కాళ్లు ముడుచుకుని. ఒకరు దగ్గితే ఆరుగురూ లేస్తారు. పెద్దవాళ్లకి కూడా చాటుండాలి. మా మావగారు మూడో రోజుకి "నాయనా, నాకు తలుపున్న గది ఇప్పించు" అన్నారు. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది. అందుకే చెప్తున్నాను.

సాల్ట్‌లేక్_సత్యం
ఇది న్యాయమైన మాట. వెనక మంచానికి తలుపు ఉన్న మోడల్ అడగండి, కొన్నిటికి కర్టెన్ మాత్రమే ఉంటుంది. అది కూడా నడిచి చుట్టూ తిరగగలిగేలా మధ్యలో ఉన్న మంచం కావాలి. మూలకి ఆనించిన మంచమైతే లోపలివైపు పడుకున్నవాళ్లు రాత్రి రెండోవాళ్ల మీదుగా దాటి రావాలి. మోకాళ్ల నొప్పులతో కుదరదు.

చికాగో_చిన్నమ్మాయి
మా అత్తమ్మకి మెట్లే సమస్య అయింది. బండి మెట్లు ఎత్తుగా ఉంటాయి, చివరి మెట్టుకీ నేలకీ మధ్య పెద్ద గ్యాప్. వాల్‌మార్ట్‌లో గట్టి స్టెప్ స్టూల్ కొని కింద వేశాం. సరిపోయింది.

రాత్రి చలి కూడా చెప్పండి ఎవరైనా. జూన్‌లో కూడా తెల్లవారుజామున గడ్డకట్టే చలి వస్తుంది అక్కడ. అద్దె కంపెనీ ఇచ్చే దుప్పట్లు పల్చన. మంకీ క్యాపులు తప్పనిసరి, విజయనగరం వాళ్లయితే రెండేసి 😀

లెక్కల_మాస్టారు
డబ్బు సంగతి. పోయినేడు మా స్నేహితుడి కుటుంబం ఇదే దారిలో వెళ్లింది, నేనే లెక్క వేసిచ్చాను. బండి రాత్రికి 210 చొప్పున 7 రాత్రులు, 1,470. మైలుకి 40 సెంట్లు చొప్పున 900 మైళ్లు, 360. గ్యాలన్‌కి 9 మైళ్లే ఇచ్చింది, పెట్రోలుకి 350. దుప్పట్లు, గిన్నెలు, శుభ్రం చేసే ఫీజు 300. ఇన్సూరెన్స్ 200. క్యాంప్‌గ్రౌండ్లు 540. మొత్తం 3,220 డాలర్లు. మినీవ్యాన్‌తో పార్కు బయట రెండు హోటల్ గదులు తీసుకున్నా ఇంచుమించు అంతే అవుతుంది, లోపలి లాడ్జీలైతే ఇంకా ఎక్కువ. కాబట్టి డబ్బు మిగులుతుందని మాత్రం ఆర్వీ తీసుకోవద్దు.

ఇన్సూరెన్స్ దగ్గర జాగ్రత్త. మీ కార్ పాలసీ చాలాసార్లు అద్దె ఆర్వీకి వర్తించదు, క్రెడిట్ కార్డుల కవరేజీలో కూడా సాధారణంగా ఆర్వీలు ఉండవు. రెండిటికీ ఫోన్ చేసి అడగండి.

ఇంకొక ఖర్చు. 2026 నుంచి అమెరికా నివాసులు కానివాళ్లకి యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ సహా 11 పార్కుల్లో 16 ఏళ్లు నిండిన మనిషికి 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. వాళ్ల వార్షిక పాస్ 250, నివాసులకి 80. విజిట్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ల పాస్ ఏది అవుతుందో పార్కు సైట్‌లో చూసుకుని కొనండి.

కడప_కారం
అద్దె బండి తీసుకునేటప్పుడు వీడియో తీయండి సామీ. చుట్టూ, పైకప్పు, కిందివైపు, లోపల అటక, ప్రతి గీతా. మాకు ఒక కంపెనీ పైకప్పు అంచు చితికిందని డిపాజిట్‌లో పెద్ద మొత్తం కోసుకునింది. మేం ఎక్కడా తగిలించలేదు, నిచ్చెనెక్కి చూసినోళ్లూ లేరు. వీడియో లేదు కాబట్టి మా మాట చెల్లలేదు. ఎంత తిరిగినా ఆ డబ్బు రాలేదు.

అక్కడే నిలబడి ఫ్రిజ్, హీటరు, నీళ్ల పంపు, జనరేటర్ అన్నీ వేసి చూపించమనండి. వాళ్లు తొందరపెడతారు. పెట్టనీండి.

బే_ఏరియా_భాస్కర్
+1. జనరేటర్ బండి పెట్రోలు ట్యాంకు నుంచే తాగుతుంది, పావు ట్యాంకు కిందికి వస్తే ఆగిపోతుంది. కరెంటు కనెక్షన్ లేని చోట ఇన్సులిన్ లాంటి మందులు పెట్టే ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంది, కానీ బండి మరీ వాలుగా ఉంటే ఆ రకం ఫ్రిజ్ సరిగా చల్లబడదు. మామయ్య గారి మందుల కోసం చిన్న థర్మామీటర్ లోపల పడేయండి.

మెల్‌బోర్న్_మురళి
మేం ఇక్కడ గ్రేట్ ఓషన్ రోడ్‌కి ఆరు సీట్ల క్యాంపర్ తీసుకుని వెళ్లాం. మాకు బాగా కుదిరింది ఒకటే, వెనకాల మా తమ్ముడు చిన్న కార్లో వచ్చాడు. పాలు కావాలన్నా, మందులు కావాలన్నా ఇల్లంతా ఊడదీసి బయల్దేరే పని లేదు. మీకు కూడా రెండో కారు వీలవుతుందా?

సాల్ట్‌లేక్_సత్యం
@మెల్‌బోర్న్_మురళి అసలు మాట మీరు చెప్పారు. యెల్లోస్టోన్‌లో గ్రాండ్ లూప్ రోడ్డే 142 మైళ్లు, చాలా చోట్ల 45 దాటనివ్వరు. వేడినీళ్లు ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర పెద్ద బండ్లకి చోటుంది. రంగురంగుల వేడినీటి గుండం గ్రాండ్ ప్రిస్మాటిక్ చూసే మిడ్‌వే దగ్గర మాత్రం లాట్ చిన్నది, మధ్యాహ్నం 30 అడుగుల బండి పట్టదు. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో ఆర్వీ కదలకుండా పెట్టేసి చిన్న కారుతో తిరిగితే సుఖం. మామయ్య గారితో దూరం పోయే రోజున మాత్రం ఆర్వీ తీయండి, దగ్గర పోయే రోజున కారు చాలు.

నల్లగొండ_పోరడు
కారు అక్క నడపాలె, ఆర్వీ బావ నడపాలె. గప్పుడు వంటింట్ల ఎవరూ ఇరుక్కోరు 👍

డల్లాస్_కోడలు
రాత్రి అందరం కూర్చుని ఈ పోస్టులన్నీ చదివాం. అత్తయ్య, మామయ్యలకి కూడా చదివి వినిపించాను. పాపారావు గారి తలుపు గది మాట దగ్గర మామయ్య నవ్వి, "నాకు తలుపక్కర్లేదమ్మా, దారిలో ఎక్కడ దిగాలా అని బెంగ లేకుండా కూర్చుంటే చాలు" అన్నారు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఎక్కడికి రమ్మన్నా ఏదో వంక చెప్పి ఆయన ఎందుకు మానేస్తున్నారో నాకు అప్పుడు అర్థమైంది. దాంతో నేను ఊఁ అనేశాను.

ఫిషింగ్ బ్రిడ్జ్‌లో వరసగా మూడు రాత్రులు దొరికాయి, నాలుగోది రోజూ చూస్తున్నాను. మధ్యలో మంచం ఉన్న మోడల్, డైనింగ్ దగ్గర కార్ సీట్‌కి బెల్ట్ ఉందని రాతపూర్వకంగా తీసుకున్నాం. సాల్ట్ లేక్‌లోనే చిన్న కారు కూడా తీసుకుంటున్నాం, అది నేను నడుపుతాను. వంట మావారూ నేనూ వంతులు.

పోర్ట్‌లాండ్_పాపారావు
పెద్దాయన అలా అన్నాక నేనింకేం మాట్లాడను. వెళ్లి రండి. రెండో కారు ఉంది కాబట్టి ఒక రాత్రి మీ ఇద్దరికీ లాడ్జ్‌లో గది దొరుకుతుందేమో చూడండి.

డల్లాస్_కోడలు
@పులుసు_పిన్ని చివరిగా ఒకటి. మామయ్యకి రోజూ పెరుగు కావాలి, కొన్నది నచ్చదు. అంత చలిలో ఆర్వీలో తోడుకుంటుందా?

పులుసు_పిన్ని
గిన్నెలో పెడితే పాలు పాలలాగే ఉంటాయి. వెడల్పు మూతి ఫ్లాస్క్ తీసుకెళ్లు. ముందు వేడినీళ్లు పోసి ఓ పది నిమిషాలుంచి పారబోయి, గోరువెచ్చని పాలు పోసి తోడు మామూలుకంటే కాస్త ఎక్కువ వేసి మూత బిగించు. టవల్ చుట్టి దుప్పట్ల మధ్య పెట్టు. పొద్దున్నకి గట్టిగా తోడుకుంటుంది. తోడు పెరుగు డల్లాస్ నుంచి తీసుకెళ్లాలంటే చిన్న డబ్బాలో గడ్డకట్టించి చెక్ ఇన్ బ్యాగ్‌లో పెట్టుకో, క్యాబిన్ బ్యాగ్‌లో అయితే సెక్యూరిటీ దగ్గర పేచీ.